మారదని కంపైలర్‌కు మాటిచ్చే ముందు

ఒక పెద్ద జావా ప్రాజెక్టు ఉందనుకోండి. అన్ని మాడ్యూళ్లూ వాడుకునే ఉమ్మడి లైబ్రరీలో సెషన్ గడువు 30 నిమిషాలని రాసి ఉంది. దాన్ని 60 చేయమని క్లయింటు అడిగారు. మార్చాల్సింది ఒక్క అంకె. మార్చారు, ఆ ఒక్క జార్‌ను బిల్డ్ చేసి సర్వర్‌లో పాతదాని స్థానంలో పెట్టారు, రీస్టార్ట్ చేశారు. గడువు ఇంకా 30 నిమిషాలే ఉంది. జార్ విప్పి చూస్తే లోపల 60 కనిపిస్తోంది. ఇక్కడి నుంచి వెతుకులాట మొదలవుతుంది. క్యాష్ తుడుస్తారు, ఇంకో సర్వర్‌లో పాత జార్ మిగిలిపోయిందేమోనని చూస్తారు, లోడ్ బ్యాలెన్సర్‌ను అనుమానిస్తారు. సపోర్ట్ ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్ల రాత్రులు ఇలాగే తెల్లారిపోతాయి. సమస్య మాత్రం సర్వర్‌లో లేదు. ఆ 30ని ఎలా ప్రకటించారన్న దాంట్లో ఉంది.

జావాలో ఫైనల్ అని చెప్పిన ఇంట్, లాంగ్, డబుల్, బూలియన్ లాంటి మౌలిక రకాలకు గానీ, స్ట్రింగ్‌కు గానీ, ప్రకటించిన చోటే కంపైల్ సమయంలో లెక్క తేలే విలువ ఇచ్చారంటే, అది కంపైల్ సమయపు స్థిరాంకం అవుతుంది. వేరే క్లాసులో ఆ పేరును వాడినప్పుడు కంపైలర్ పేరును అక్కడ ఉంచదు, విలువనే అచ్చుగుద్దేస్తుంది. ఆ క్లాసు నడిచేటప్పుడు ఆ విలువ కోసం లైబ్రరీ వైపు చూడనే చూడదు. అందుకని లైబ్రరీ జార్ ఎన్నిసార్లు మార్చినా, దాన్ని వాడుకుంటున్న క్లాసులను మళ్లీ కంపైల్ చేసేదాకా పాత 30 చెక్కు చెదరదు. ఇది కంపైలర్‌లో లోపం కాదు. జావా భాషా నిర్దేశికలో 13వ అధ్యాయం ఈ సంగతిని స్పష్టంగానే చెబుతుంది. గణితంలోని విలువల్లా నిజంగా మారనివి తప్ప మిగతావాటిని ఇలా ప్రకటించడంలో బాగా పొదుపు పాటించమని అక్కడే సలహా కూడా ఇస్తుంది. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లలో కూడా ఆ పేజీ చదివినవాళ్లు తక్కువ.

ఊహలతో కాలయాపన చేయకుండా కళ్లతో చూడొచ్చు. జేడీకేతో పాటే వచ్చే జావాప్‌ను -సి ఆప్షన్‌తో ఆ విలువను వాడుతున్న క్లాసు ఫైలు మీద నడపండి. విలువ అచ్చయిపోయి ఉంటే బైపుష్ 30 అని కనిపిస్తుంది. నడిచేటప్పుడు లైబ్రరీని అడుగుతున్నట్లయితే గెట్‌స్టాటిక్ అని, పక్కన లైబ్రరీ క్లాసు పేరు, ఫీల్డు పేరు కనిపిస్తాయి. విలువ 127 దాటితే బైపుష్ బదులు సైపుష్ వస్తుంది, 32,767 కూడా దాటితే ఎల్‌డీసీ వస్తుంది. ఈ నాలుగు మాటలు గుర్తుంటే చాలు, బైట్‌కోడ్ అంతా చదవడం రానక్కర్లేదు. తక్షణ పరిష్కారం, ఆధారపడిన మాడ్యూళ్లన్నిటినీ క్లీన్ బిల్డ్ చేసి కలిపి డిప్లాయ్ చేయడం. ఒక్క జార్ మాత్రమే మార్చే ప్యాచ్ పద్ధతి ఉన్న ప్రాజెక్టుల్లో ఈ నియమాన్ని రిలీజ్ పత్రంలోనే రాసి పెట్టించండి.

ఇక అసలు విషయం. స్థిరాంకాన్ని ప్రకటించడమంటే కంపైలర్‌కు మాటివ్వడం. ఈ విలువ మారదని మీరంటే అది నమ్ముతుంది, ఆ నమ్మకం మీదే తన పని తగ్గించుకుంటుంది. వేగమంతా అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి ప్రకటన రాసేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న వేగం గురించి కాదు. ఈ విలువను ఎవరు మార్చగలరు, ఎప్పుడు మార్చగలరు? దీనికి జవాబు దొరికితే ప్రకటించే పద్ధతి దానంతటదే తేలిపోతుంది.

గంటకు 60 నిమిషాలు, బైటుకు 8 బిట్లు. వీటిని మార్చే అధికారం ఎవరికీ లేదు. పబ్లిక్ స్టాటిక్ ఫైనల్‌గా నిశ్చింతగా రాయండి. మళ్లీ ప్రయత్నించే సార్లు, టైమౌట్, ఒక పేజీలో చూపించే వరుసలు లాంటివి మీ బృందమో, ఆపరేషన్స్ వాళ్లో మారుస్తారు. ఇవి కాన్ఫిగరేషన్‌లో ఉండాలి. మూడో రకం దగ్గరే అందరూ పొరబడతారు. బయటి ప్రపంచం మార్చే విలువలవి. ప్రభుత్వం, చట్టం, బ్యాంకు, క్లయింటు కంపెనీ విధానం.

మన దగ్గరి ఉదాహరణలే చూడండి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక అక్కడి వాహనాలకు టీఎస్ అనే అక్షరాలు వచ్చాయి. రాష్ట్రం పేరు కంటే స్థిరమైంది ఏముంటుందని అప్పట్లో బీమా, పార్కింగ్, టోల్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండక్షరాలను స్థిరాంకంగా రాసుకోవడం ఎవరికైనా సబబుగానే తోచి ఉంటుంది. 2024 మార్చిలో అవి టీజీ అయ్యాయి. అలాగని టీఎస్ తీసేసి టీజీ పెడితే సరిపోదు. హైదరాబాద్ రోడ్ల మీద టీజీ బండ్లు, టీఎస్ బండ్లు, విభజనకు ముందునాటి ఏపీ బండ్లు కలిసే తిరుగుతున్నాయి. మూడూ చెల్లుబాటయ్యేవే. జిల్లాల సంఖ్య కూడా అంతే. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పదమూడు గదుల అర్రే పెట్టుకుని రిపోర్టు రాసినవాళ్ల కోడ్ ఆ రోజే పాతబడింది.

జీఎస్టీ ఇంకా మంచి పాఠం. 2017 జులై 1 నుంచి 5, 12, 18, 28 శాతం శ్లాబులు నడిచాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శ్లాబుల్లోని వస్తువులు చాలావరకు 5కో 18కో మారాయి, కొన్నిటికి 40 శాతం వచ్చింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో 12ను స్థిరాంకంగా రాసుకుని, ఆ రోజు దాన్ని 5గా మార్చారనుకోండి. కొత్త బిల్లులు సరిగ్గానే వస్తాయి. ఆగస్టులో అమ్మిన సరుకు అక్టోబరులో వాపసు వస్తే? ఆడిటర్ పాత బిల్లు మళ్లీ ముద్రించమంటే? నాటి రేటు కావాలి, అది కోడ్‌లో ఎక్కడా లేదు. ఇలాంటి విలువ స్థిరాంకమూ కాదు, కాన్ఫిగరేషనూ కాదు. డేటాబేస్‌లో రేటు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అనే మూడు నిలువు వరుసలతో ఉండాల్సిన పట్టిక. కోడ్ ఎప్పుడూ బిల్లు తేదీని ఇచ్చి రేటును అడగాలి. ఈ తేడాను రిక్వైర్‌మెంట్స్ మీటింగులోనే ఎత్తిచూపే ప్రోగ్రామర్‌కు బృందంలో విలువ పెరగడం నేను చాలా చోట్ల చూశాను. అక్కడ మాట్లాడటానికి బైట్‌కోడ్ పరిజ్ఞానం అవసరం లేదు, వార్తలు చదివే అలవాటు చాలు.

ఇతరులు వాడుకునే లైబ్రరీ రాస్తున్నప్పుడు, మారే అవకాశం ఉన్న విలువను పబ్లిక్ ఫీల్డుగా బయటపెట్టకండి. ప్రైవేట్ స్టాటిక్ ఫైనల్‌గా ఉంచి, దాన్ని తిరిగిచ్చే స్టాటిక్ మెథడ్ ఒకటి రాయండి. వాడేవాళ్ల క్లాసులో మెథడ్ పిలుపు మాత్రమే ఉంటుంది, విలువ లైబ్రరీలోనే ఉంటుంది. కొందరు విలువను ఇంటిజర్ వాల్యూఆఫ్‌లో చుట్టి అచ్చు పడకుండా చేస్తారు. అదీ పనిచేస్తుంది గానీ, ఆర్నెల్ల తర్వాత వచ్చిన కొత్తవాళ్లు ఇదెందుకు ఇంత వంకరగా ఉందని సరిచేసేస్తారు. మెథడ్‌కైతే ఆ ప్రమాదం లేదు. మెథడ్ పిలిస్తే నెమ్మదవుతుందని భయపడనక్కర్లేదు. హాట్‌స్పాట్‌లోని జేఐటీ కంపైలర్ వేడెక్కిన కోడ్‌లో ఇంత చిన్న మెథడ్‌ను పిలిచిన చోటే కలిపేసుకుంటుంది. క్లాసు ఇనిషియలైజ్ అయ్యాక స్టాటిక్ ఫైనల్ ఫీల్డులోని విలువ మారదని అది నమ్ముతుంది కూడా. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ఫైలు నుంచి చదివి స్టాటిక్ ఫైనల్‌లో వేసుకున్న విలువకూ ఇదే లాభం అందుతుంది. మామూలు ఆబ్జెక్టులలోని ఫైనల్ ఫీల్డులను అది ఇంతగా నమ్మదు. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డులకు మాత్రం ఆ నమ్మకం ఇచ్చారు.

కంపైల్ సమయపు స్థిరాంకం తప్పనిసరి అయ్యే చోట్లు రెండున్నాయి: అంకెల, స్ట్రింగుల స్విచ్‌లోని కేస్, యానొటేషన్‌కు ఇచ్చే అంకె లేదా స్ట్రింగ్ విలువ. స్ప్రింగ్‌లో షెడ్యూల్డ్ యానొటేషన్‌కు ఫిక్స్‌డ్‌రేట్ అంకెగా ఇస్తే అది కోడ్‌లో బిగుసుకుపోతుంది. పక్కనే ఉన్న ఫిక్స్‌డ్‌రేట్‌స్ట్రింగ్ వాడితే ప్రాపర్టీస్ ఫైలు నుంచి తెచ్చుకోవచ్చు.

లెక్కలను ముందే చేసి జవాబు రాసే అలవాటు మానండి. రోజుకు మిల్లీసెకన్లు 86400000 అని రాసేకంటే 24 * 60 * 60 * 1000 అని రాయడమే మేలు. గుణకారం కంపైలర్ చేసిపెడుతుంది, నడిచేటప్పుడు ఖర్చు సున్నా, చదివేవాళ్లకు ఒక్క చూపులో అర్థమవుతుంది. అయితే ఇందులో ఒక గొయ్యి ఉంది. 30 రోజులకు అదే పద్ధతిలో రాస్తే రావాల్సింది 259 కోట్ల 20 లక్షలు. ఇంట్‌లో పట్టేది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకే. ఫలితం మైనస్ 170 కోట్ల 29 లక్షల 67 వేల 296 అవుతుంది, కంపైలర్ ఒక్క మాటా అనదు. ఎడమ పక్కన లాంగ్ అని ప్రకటించినా లాభం లేదు, కుడి పక్కన గుణకారం ఇంట్‌లోనే జరిగిపోతుంది కనుక. 24 రోజుల వరకు సరిగ్గా వచ్చి 25వ రోజు నుంచి తప్పుతుంది. టెస్టింగ్‌లో 7 రోజులు పెట్టి చూసి పాస్ చేసిన కోడ్ ప్రొడక్షన్‌లో 30 రోజులకు బోల్తా పడేది అందుకే. మొదటి అంకె పక్కన ఎల్ పెడితే లెక్కంతా లాంగ్‌లో జరుగుతుంది. ఇంతకంటే మంచి దారి, జావా 8తో వచ్చిన డ్యూరేషన్ క్లాసులోని ఆఫ్‌డేస్. అందులో ప్రమాణం పేరులోనే ఉంది, సెకన్లా మిల్లీసెకన్లా అన్న సందేహమే రాదు. గూగుల్ వాళ్ల ఎర్రర్ ప్రోన్‌ను బిల్డ్‌లో కలుపుకుంటే ఇలాంటి పొంగిపోయే స్థిరాంకాలను కంపైల్ దగ్గరే ఆపేస్తుంది.

దశాంశాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఒక అమెరికన్ పేట్రియట్ క్షిపణి వ్యవస్థ దూసుకొస్తున్న స్కడ్ క్షిపణిని పట్టుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టి, దాన్ని 0.1తో గుణించి సెకన్లు చేసుకునేది. 0.1ను ద్విసంఖ్యా పద్ధతిలో పూర్తిగా రాయడం కుదరదు. 24 బిట్లలో కుదించిన ఆ స్థిరాంకంలోని అతి చిన్న కొరత, యంత్రం దాదాపు 100 గంటలు ఆగకుండా నడిచేసరికి 0.34 సెకన్లయింది. ఆ వ్యవధిలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా వెళ్లిపోతుంది. సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ అక్కడికి చేరింది ఆ మర్నాడు.

మనం రాసేది వడ్డీ లెక్కో, పన్ను లెక్కో కావచ్చు. 0.1 మాత్రం అదే 0.1. డబ్బుకు డబుల్ వాడకండి, బిగ్‌డెసిమల్ వాడండి. దాన్ని కూడా కోట్స్ మధ్య స్ట్రింగ్‌గా ఇవ్వండి. కోట్స్ లేకుండా 0.1 అని కన్‌స్ట్రక్టర్‌కు ఇస్తే, అప్పటికే వంకరపోయిన డబుల్ విలువ, అంటే 0.1000000000000000055తో మొదలై ఇంకా సాగే అంకె, యథాతథంగా లోపలికి పోతుంది.

ఫైనల్ అనగానే లోపలిది కూడా మారదనుకోవడం ఇంటర్వ్యూలలో తరచూ వినిపించే పొరపాటు. ఫైనల్ కాపాడేది ఆ పేరు ఏ ఆబ్జెక్టును చూపిస్తుందన్నదాన్ని మాత్రమే. పబ్లిక్ స్టాటిక్ ఫైనల్ అర్రేలో ఏ గదినైనా ఎవరైనా మార్చేయొచ్చు. జాబితా కావాలంటే జావా 9 నుంచి ఉన్న లిస్ట్ డాట్ ఆఫ్ వాడండి, మార్చబోతే అది ఎక్సెప్షన్ వేస్తుంది. అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ ఇచ్చేది పాత జాబితాకు ఒక కిటికీ మాత్రమే. అసలు జాబితా ఎవరి చేతిలోనైనా ఉంటే అది మారినప్పుడల్లా మీదీ మారుతుంది.

ఆబ్జెక్టులను స్టాటిక్ ఫైనల్‌గా పెట్టుకునే చోట వేగానికి పనికొచ్చేదీ, ప్రాణం తీసేదీ రెండూ ఉన్నాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను లూప్‌లో స్ట్రింగ్ మ్యాచెస్‌తో సరిచూస్తే ప్రతిసారీ ప్యాటర్న్‌ను మళ్లీ కంపైల్ చేస్తుంది. ప్యాటర్న్‌ను స్టాటిక్ ఫైనల్‌గా ఒకసారి తయారుచేసుకుంటే ఆ ఖర్చంతా పోతుంది. ప్యాటర్న్ మారని ఆబ్జెక్టు కనుక ఎన్ని థ్రెడ్లయినా కలిసి వాడుకోవచ్చు. అది చూసి సింపుల్‌డేట్‌ఫార్మాట్‌ను కూడా అలాగే స్టాటిక్ ఫైనల్ చేస్తారు. దానికి లోపల మారే స్థితి ఉంది. రెండు థ్రెడ్లు ఒకేసారి వాడితే ఒకరి తేదీ ఇంకొకరి రికార్డులోకి వెళ్లొచ్చు, అదీ లోడ్ ఎక్కువున్నప్పుడే. దాని బదులు జావా 8లోని డేట్‌టైమ్‌ఫార్మాటర్ వాడండి, అది మారదు. కోడ్ రివ్యూలో స్టాటిక్ ఫైనల్ కనిపించినప్పుడల్లా కుడి పక్కనున్న రకం మారేదా మారనిదా అని అడగండి.

పరిమితమైన కొన్ని స్థితులకు, ఆర్డర్ వచ్చింది, పంపాం, చేరింది లాంటివాటికి, 1, 2, 3 అని ఇంట్ స్థిరాంకాలు రాసే కాలం 2004లో జావా 5 ఈనమ్‌లు తెచ్చినప్పుడే పోయింది. ఈనమ్ వాడండి. వాడుతూ జేపీఏలో ఎన్యూమరేటెడ్ యానొటేషన్‌కు స్ట్రింగ్ అని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే డేటాబేస్‌లో వరుస సంఖ్య నిల్వ చేస్తుంది. రేపు ఎవరో రెండు స్థితుల మధ్య ఇంకోటి చేరిస్తే పాత రికార్డులన్నిటి అర్థం మారిపోతుంది, ఏ ఎర్రరూ రాదు.

పేర్ల గురించి ఒక్కమాట. అరవై అనే పేరుతో 60 దాచుకుంటే ఏమీ సాధించినట్టు కాదు. పేరు ఆ విలువ ఎందుకుందో చెప్పాలి, ప్రమాణం కూడా చెప్పాలి: సెషన్_గడువు_నిమిషాలు అన్న ధోరణిలో. ప్రాజెక్టు మొత్తానికి ఒకే కాన్‌స్టంట్స్ ఫైలు పెట్టడం నాకు నచ్చదు. వెయ్యి లైన్ల ఆ ఫైలులో ఏది ఎవరిదో తెలియదు, భయంతో ఎవరూ ఏదీ తీసేయరు, ప్రతి మెర్జ్‌లో గొడవే. విలువను వాడే క్లాసులోనే ఉంచండి. ఇంటర్‌ఫేస్‌లో స్థిరాంకాలు పెట్టి దాన్ని ఇంప్లిమెంట్ చేయించే పాత పద్ధతిని జాషువా బ్లాక్ తన ఎఫెక్టివ్ జావా పుస్తకంలో తప్పుపట్టారు. ఆ కారణం ఇప్పటికీ చెల్లుతుంది: మీ క్లాసు లోపలి వివరం దాని బయటి ఒప్పందంలో భాగమైపోతుంది, తర్వాత తీసేయడం కష్టం.

పాస్‌వర్డ్‌లు, ఏపీఐ తాళాలు స్ట్రింగ్ స్థిరాంకాలుగా ఎప్పుడూ ఉండకూడదు. అచ్చు పడే నియమం వాటికీ వర్తిస్తుంది కనుక, వాడిన ప్రతి క్లాసు ఫైలులోనూ అవి చదవగలిగే రూపంలో ఉంటాయి. జావాప్ -వి కొడితే చాలు కనిపిస్తాయి. గిట్‌లో ఒక్కసారి చేరితే, తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో మిగిలే ఉంటాయి. అలాంటిది దొరికితే తుడిచేయడంతో ఆగకుండా ఆ తాళాన్నే మార్పించండి.

ఇంటర్వ్యూలో ఫైనల్ గురించి అడిగితే ఫైనల్, ఫైనలీ, ఫైనలైజ్ తేడాలు కంఠతా పట్టినవి అప్పజెప్పి ఆగకండి. కంపైల్ సమయపు స్థిరాంకం అచ్చుపడటం, జార్ మార్చినా పాత విలువ మిగలడం, దాన్ని జావాప్‌తో ఎలా పట్టుకుంటారో చెప్పండి. తర్వాత సంభాషణ మీ పని మీదికి మళ్లుతుంది, మీకు కావాల్సింది అదే.

చేతికొచ్చిన పాత ప్రాజెక్టులో ఇవన్నీ ఒకేసారి సరిచేస్తానని టీమ్ లీడ్‌కు చెప్పకండి, ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరైంది. ముందు బిల్డ్‌లో ఎర్రర్ ప్రోన్ కలపండి. ఏ టికెట్ కోసం ఏ ఫైలు తెరుస్తారో ఆ ఫైలులోని అంకెలకే పేర్లు పెట్టండి. పన్ను రేట్లు, రాష్ట్రాల కోడ్‌లు, వడ్డీ శాతాలు ఎక్కడున్నాయో వెతికి జాబితా చేసి, వాటిలో ఏవి తేదీతో మారతాయో బిజినెస్ అనలిస్టుతో కూర్చుని గుర్తు పెట్టండి. వాటికి పట్టిక కావాలని వేరే టికెట్ వేయండి. ఆ టికెట్ తర్వాతి బడ్జెట్ కంటే ముందే పూర్తయ్యేలా గడువు అడగండి.